అత్త మడిచిన అంచు

మా మేనత్త పోయిందని ఆమె తోడికోడలు, మా చిన్నత్త, ఫోన్ చేసి చెప్పింది. నేను నెల్లూరులో పనిచేసే మందుల షాపులో ఉన్నాను, ఎవరికో బీపీ మాత్రల షీటు కత్తిరించి ఇస్తున్నాను. "అక్క పోయిందే పాపా" అనింది. నేనడక్కుండానే ఇంకో మాట చెప్పింది. "ఆటో దిబ్బ కాడ దిగబడిపోయిందే."

పొద్దున వాకిలి చిమ్ముతా ఉండగా గుండెలో పట్టేసినట్టుందని గడప మీద కూలబడిందంట. పక్కింటోళ్ళు ఆటో పిలిచి ఎక్కించారు. అత్త వాళ్ళ పాళేనికీ విడవలూరు పోయే తారు రోడ్డుకీ నడుమ పెద్ద ఇసుక దిబ్బ ఉంది. ఆటో దాని మీద కూరుకుపోయింది. మగవాళ్ళు దిగి తోశారు. చక్రాల కింద కొబ్బరి మట్టలు వేశారు. ఆటో బయటపడేసరికి అత్తకి ఇక ఆస్పత్రితో పని లేకుండా పోయింది. ముందే తీసుకుపోయి ఉంటే బతికేదా అని తరవాత నెల్లూరులో ఒక డాక్టరుని అడిగితే, చెప్పలేమన్నాడు. ఆయన చెప్పలేడు. నేనూ చెప్పలేను.

కానీ ఆ దిబ్బ మీదుగా పాళెం మొత్తాన్నీ దాటించిన మనిషి మా అత్త. తనని దాటించే బండి ఆ రోజు పాళెంలో లేదు. ఎందుకు లేదో అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. శవం చుట్టూ కూర్చున్నప్పుడు ఒక్కరూ ఆ సంగతి ఎత్తలేదు. "మహా తల్లి" అన్నారు. "ఎవరినీ ఒక మాట అనింది లేదు" అన్నారు. అనలేదు, నిజమే. ఆమె అనకపోవడం ఎంతమందికి సుఖంగా ఉండిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. పక్క పాళెంలోనే ఇచ్చారు. మామకి పడవెక్కితే వాంతులు. చేపల వేటకి పోయే పట్టపోళ్ళ ఇంట పుట్టి సముద్రం పడని మనిషని అందరూ నవ్వితే డ్రైవింగ్ నేర్చుకుని, ఎక్కడో మూలపడిన పాత జీపొకటి తెచ్చుకున్నాడు. తెల్లారితే ఒడ్డు నుంచి తారు రోడ్డుకి చేపల గంపలు, ఆ తరవాత మనుషులు. పిల్లలు కలగలేదు. కామెర్లు ముదిరి మామ పోయాక జీపు ఇంటి వెనక నిలిచిపోయింది. కోళ్ళు దాని సీట్లలో గుడ్లు పెట్టేవి.

మామకి ఒక తమ్ముడు. మేము చిన్నమామ అంటాం. అప్పట్లో రొయ్యల గుంటల కాడ పనికి పోయేవాడు. "ఆ డొక్కు మనకెందుకు వదినా, పాత ఇనుములోకి ఇచ్చెయ్" అన్నాడు. ఆ మాట నా చెవులతో విన్నాను. కాలేజీ సెలవులకి అత్త దగ్గరే ఉన్నాను అప్పుడు.

అత్త ఇవ్వలేదు. మామ బతికున్న రోజుల్లో సరదాకి ఒకటి రెండు సార్లు స్టీరింగ్ ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాడంట. ఆ సరదానే పట్టుకుంది. సముద్రం వెనక్కి పోయిన తావున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కదా, దాని మీద బండి అటూ ఇటూ తిప్పి తిప్పి చేతులు కుదిరించుకుంది. నెల్లూరు పోయి లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు నాకింకా గుర్తే. పళ్ళు కనపడకుండా, చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కానీ పొడి ఇసుకలో బండి పోదు. సన్నటి టైర్లు కత్తుల్లాగ దిగబడేవి. వెడల్పాటి పాత టైర్లు ఎక్కడో సంపాదించి వేయించింది. అవి ఇసుక మీద తేలాయి గానీ, మలుపు తిప్పితే ముందు మడ్‌గార్డుకి రాసుకునేవి. రబ్బరు కాలిన వాసన. దగ్గర్లో ఉన్న వెల్డింగు షాపువాడు గ్యాసు మంటతో మడ్‌గార్డులు చంద్రవంకలాగ కోసేసి, కోసిన అంచు చేతికి తగలకుండా పాత ట్యూబు చీల్చి తొడిగాడు. చూడటానికి బాగానే ఉండింది. ఒక్క వానాకాలం గడిచేసరికి రబ్బరు కింద చెయ్యి పెడితే రేకు అప్పడంలాగ విరిగి వచ్చింది. ఉప్పునీళ్ళు రబ్బరు కింద చేరి, ఎండే దారి లేక, అక్కడే ఉండి తినేశాయి.

అత్త ఆ ముక్క చేతిలో పట్టుకుని నెల్లూరు పోయింది. అక్కడ పాత జీపులకి టింకరింగ్ చేసే షెడ్డొకటి ఉంది. మేస్త్రి ఒక సాయిబు. అత్త ఆయన్ని భాయ్ అనేది, ఆయన అమ్మా అనేవాడు. నేనూ వెంట పోయాను. ఆయన ఆ ముక్కని వేళ్ళతో నలిపి, పొడి చేసి, ఊదేశాడు.

"సముద్రం ఒడ్డు బండికి నేను గ్యారంటీ ఇవ్వనమ్మా" అన్నాడు. "సగం పని నేను చేస్తా. మిగతా సగం ఇంటికి పోయినాక నువ్వు చేస్తానే ఉండాల."

"ఎన్నాళ్ళు భాయ్?"

"బండి ఉన్నన్నాళ్ళు."

అత్త సరేనంది. బండి అక్కడ పెట్టి పొమ్మంటే పోలేదు. రోజూ బస్సెక్కి వచ్చి షెడ్డులో కూర్చునేది. మొదట ఊరికే చూసింది. తరవాత గరుకు కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. భాయ్ వద్దనలేదు.

ఆ పని ఎట్లా జరిగిందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆయన గ్యాసు మంట ముట్టించనే లేదు. మంట తగిలిన రేకు అంచుకి ముందుగా తుప్పు వస్తుందని చెప్పాడు. రేకు కత్తెరతో, కావలసిన గీతకి వేలెడంత ఇవతలగా కత్తిరించాడు. ఎందుకు మిగిలించావని అత్త అడిగితే, "మడవడానికి" అన్నాడు. ఆ మిగిలించిన అంచుని కింద ఇనప దిమ్మ ఆనించి, పైన కొయ్య సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ లోపలికి మడిచాడు. చీర అంచు మడిచి కుట్టినట్టు. పూర్తిగా మూసేయకముందే ఆ మడత లోపలికి ఎర్ర ప్రైమరు సన్న కుంచెతో పూయమని అత్తకిచ్చాడు. "రేపు ఇది ఎవరికీ కనపడదు. కనపడని చోట పూసిందే బండిని కాస్తాది" అన్నాడు. అవతల మడ్‌గార్డు అత్త చేతనే మడిపించాడు. అది కొంచెం వంకరగా వచ్చింది. సరి చేస్తానంటే అత్త వద్దంది. "ఉండనీ భాయ్. నాది ఏదో నాకు తెలియాల."

వెడల్పు టైరు బయటికి పొడుచుకొచ్చినంత మేర ఇంకో రేకు పట్టీ కలిపాడు. రెండు రేకులు కలిసే చోట నీళ్ళు కూర్చుంటాయని మైనంలాంటిదేదో పట్టించి, ఆ తరవాతే రివిట్లు కొట్టాడు. అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట చిన్న చిల్లులు పెట్టాడు. నేను ఆశ్చర్యపోయాను. తుప్పు రాకుండా చేయమంటే చిల్లులు పెడతాడేంటని. నీళ్ళు రాకుండా ఆపలేమనీ, వచ్చినవి పోయే దారి పెట్టాలనీ అత్తే నాకు చెప్పింది, అప్పటికే షెడ్డు మనిషైపోయినట్టు.

ఇంటికొచ్చాక మిగతా సగం పని మొదలైంది. ఒడ్డుకి పోయి వచ్చిన ప్రతిసారీ బండి కడగడమే. పాళెంలో బోరు నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళు కావాలంటే దిబ్బ వెనక చెలమ తవ్వుకోవాలి. అక్కడి నుంచి బిందెలతో మోసుకొచ్చి, నేల మీద గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరి, మడ్‌గార్డు లోపలి వైపు, చిల్లుల దగ్గర, చక్రాల మాటున చేత్తో రుద్ది కడిగేది. ఆరాక వాడేసిన ఇంజనాయిల్లో గ్రీసు కలిపి పాత గుడ్డతో అడుగంతా పూసేది. శుక్రవారం పొద్దున తలకి పోసుకున్నట్టు బండికీ పోసేది.

చెలమ దగ్గర ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. "మొగుడికి కూడా ఇన్ని నీళ్ళు పోసుండవు మే" అని.

"ఆయనకి తుప్పు పట్టదని ధీమాగా ఉన్నా" అనేది అత్త. అని నవ్వేది. ఆ నవ్వు కాసేపటికి ఆరిపోయేది, బిందె నెత్తినెత్తుకుని పోయేది.

ఆమె నోట ఒక మాట తరచు వచ్చేది. "పైకి కనపడిన రోజుకి లోపల అంతా అయిపోయుంటాది పాపా." తుప్పు గురించే అనేది. నేనిప్పుడు మనుషుల గురించి అనుకుంటున్నాను గానీ, అత్త అనింది తుప్పు గురించే. ఆమెకి ఒక మాట చెప్పి ఇంకొకటి చెప్పే అలవాటు లేదు.

ఆ జీపు పాళేనికి కాళ్ళయింది. చేపల గంపలు, పరీక్షలకి పోయే పిల్లలు, వల కోసుకుపోయి చెయ్యి తెగినవాళ్ళు, పెళ్ళివారు, అందరూ దాంట్లోనే. దిబ్బ మీద అత్త బండి నిలపదు, వేగం పెంచదు, గేరు మార్చదు. ఒకే తీరుగా ఎక్కించి దించేది. ఎవరైనా భయపడి అరిస్తే, "అరిస్తే బరువు తగ్గదు, కూకో" అనేది.

వాయుగుండం పట్టిన ఏడు చిన్నత్తకి నెలలు నిండాయి. చిన్నత్త అంటే చిన్నమామ భార్య, మా అత్తకి తోడికోడలు. మూడు వీధుల పాళెంలో చివరి వీధిలోకి సముద్రం వచ్చేసింది. కరెంటు లేదు. చిన్నమామ గుంటల కాడ ఉన్నాడు, అటువైపు దారి తెగింది. మధ్యాహ్నం పైటేల దాటాక నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే తారు రోడ్డు దాకానే వస్తామన్నారు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఇద్దరం కలిసి చిన్నత్తని జీపు వెనక పడుకోబెట్టి, నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. గాలికి టాపు గుడ్డ చిరిగి ఎగిరిపోయింది. వాన సూదుల్లాగ పొడుస్తోంది. దిబ్బ ఏదో నీళ్ళేవో తెలియలేదు.

"అక్కా, దిగబడతాదా?" అని చిన్నత్త ఏడ్చింది.

"నువ్వు బిడ్డ సంగతి చూడు. ఇసక సంగతి నేను చూస్తా" అంది అత్త వెనక్కి తిరక్కుండా.

దిబ్బ మీద ఒకచోట బండి పక్కకి జారింది. అత్త స్టీరింగ్ పూర్తిగా తిప్పింది. టైరు మడ్‌గార్డుకి తగలకుండా తిరిగింది. నేను ఆ రాపిడి చప్పుడు కోసమే చెవులు పెట్టి ఉన్నాను, అది రాలేదు. బండి నెమ్మదిగా నేల పట్టుకుని పైకెక్కింది. విడవలూరు ఆస్పత్రిలో దీపాలు వెలిగే వేళకి మగబిడ్డ పుట్టాడు.

చిన్నమామ వచ్చి అత్త కాళ్ళ మీద పడ్డాడు. ఊరికే వంగడం కాదు, నుదురు ఆనించాడు. "నువ్వు నా తల్లివి వదినా" అన్నాడు. అత్త కాళ్ళు వెనక్కి తీసుకుని, "లెయ్యబ్బయా, నేను పోయి బండి కడుక్కోవాల. కింద అంతా ఉప్పు పట్టుంటాది" అంది.

ఆ బిడ్డకి నడకలు కూడా రాకముందే చిన్నమామ బండి తనదన్నాడు.

గుంటల్లో రొయ్యలకి జబ్బు తగిలి ఆయన పని పోయింది. అది ఆయన తప్పు కాదు. ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడి కళ్ళకి తిరిగే బండి కనపడింది. వదినని అడిగితే ఇద్దరూ కలిసి నడుపుకునేవాళ్ళేమో. అడగలేదు. పాళెం పెద్దల దగ్గరికి పోయినాడు.

వలలు అల్లే పాకలో కూర్చున్నారు. మా నాన్నని కూడా పిలిపించారు. నేను వెనక ఆడవాళ్ళతో నిలబడ్డాను.

"బండి కాయితాలు ఎవరి పేరున ఉండాయి?" అని పెద్దాయన అడిగాడు.

"మా అన్న పేరున" అన్నాడు చిన్నమామ.

"బిడ్డల్లేరు. అన్న సొత్తు తమ్ముడికి వస్తాది. దీంట్లో పంచాయతీ ఏముంది?"

అత్త లేచి నిలబడింది. "కాయితం మీద ఉండే బండి ఆయనతోనే పోయింది పెద్దాయనా. దాన్ని పాత ఇనుములోకి ఇచ్చెయ్యమన్నాడు ఈ అబ్బయ్య. ఇప్పుడు ఈడ నిలబడుండేది నేను చేసుకున్న బండి. ఆ ముందు రేకు తాకి చూడండి, నా చేత్తో మడిచినా."

"బాగు చేసినావు, కాదన్లా. కానీ మగదిక్కు లేని ఇంట్లో బండెందుకు తల్లీ? రేపు ఏదన్నా జరిగితే మాట మాకొస్తాది."

వాయుగుండం రోజు ఈ మగదిక్కులు ఎక్కడ ఉన్నాయో ఎవరూ అడగలేదు. అత్త తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మే" అంది. అంతే అంది. చిన్నత్త పాక గుంజని ఆనుకుని బిడ్డనెత్తుకుని ఉంది. మొగుడి మొహం చూసింది. తల దించుకుని బిడ్డ టోపీ సర్దింది. సర్దిన టోపీనే మళ్ళీ మళ్ళీ సర్దింది.

మా నాన్న గొంతు సవరించుకుని, "తీసుకోనీలే అమ్మా, గొడవెందుకు, నీకు నేను లేనా" అన్నాడు. ఉన్నాడు. పండక్కి ఒక చీర పెట్టేంత ఉన్నాడు. ఆయన ఇప్పుడు లేడు, అయినా ఈ మాట రాయకుండా వదల్లేను.

అత్త రొంటిన దోపుకున్న తాళం తీసి చాప మీద పెట్టింది. చిన్నమామ అందుకుంటుంటే అంది: "వారానికొకసారన్నా మంచినీళ్ళు పొయ్యబ్బయా. పైన కాదు, కింద."

ఆయన పైన పోశాడు. పైన నీలం రంగు వేయించాడు, స్టిక్కర్లు అంటించాడు, అద్దానికి కుచ్చులు కట్టాడు. ఒడ్డుకి పోయి వచ్చి అట్లాగే నిలబెట్టేవాడు. నీళ్ళు పోయే చిల్లులు బురదతో పూడిపోయాయి. రంగు కింద బుడగలు లేచినప్పుడు వాటి మీద పుట్టీ మెత్తి మళ్ళీ రంగు కొట్టించాడు. ఆ జీపు రోజూ అత్త వాకిలి ముందు నుంచే పోయేది. ఆమె అప్పటికి రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతోంది. రోజంతా ఐసు నీళ్ళలో నానిన వేళ్ళు సాయంత్రానికి తెల్లగా పాలిపోయి ముడతలు పడేవి. ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంటే బండి పోయేది. నేను ఉన్నప్పుడు ఒకసారి అలా పోయింది. అత్త చెవి ఒగ్గి వింది.

"ఎడమ వైపు రేకు కొట్టుకుంటా ఉంది" అంది.

"నీకెందుకత్తా" అన్నాను.

"నాకెందుకు" అని తనూ అంది.

కొన్నాళ్ళకి ఆ ఎడమ రేకు దిబ్బ మీదే సగానికి ఊడి పడింది. చిన్నమామ బండి తీసుకుని ఎక్కడెక్కడో తిరిగాడు, ఎవరూ ఒప్పుకోలేదు. ఒక రోజు అత్త ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "వదినా, నీకు ఆ పని వచ్చు గదా. ఒక చెయ్యెయ్యరాదా" అన్నాడు.

నేను ఈ సంగతి విని నెల్లూరు నుంచి ఆ ఆదివారమే పోయి పోట్లాడాను. "సిగ్గులేదా వాడికి? నీకు లేదా?" అన్నాను. అత్త కోపపడలేదు. అన్నం పెట్టింది. చేప ముల్లు తీసి నా కంచంలో వేస్తూ అంది:

"వాడి మీద కోపం రేకు మీద చూపిస్తానా?"

ఆ ఎండాకాలమంతా చిన్నమామ వాకిట్లో, తాటాకు పందిరి కింద, అత్త ఆ బండి బాగుచేసింది. భాయ్‌ని నెల్లూరు నుంచి పిలిపించుకుంది. ఆయనకి అప్పటికే చెయ్యి వణుకు. ఆయన కూర్చుని చెప్పేవాడు, అత్త కొట్టేది. పుట్టీ అంతా గీకి పారేస్తే కింద నుంచి బండి సగమే మిగిలింది. కుళ్ళిన మేరకి కత్తిరించి కొత్త రేకు అతికారు. మళ్ళీ అంచు మిగిలించి మడవడం, మళ్ళీ మడత లోపలికి ఎర్ర ప్రైమరు, మళ్ళీ చిల్లులు. రొయ్యల షెడ్డులో పని ముగించుకుని వచ్చి చీకటి పడే లోపు ఎంత వీలైతే అంత. చిన్నత్త టీ తెచ్చి పక్కన పెట్టి, మాట్లాడకుండా పోయేదంట. రంగు గీకేసిన కుడి మడ్‌గార్డు మీద అత్త చెయ్యి పెట్టి భాయ్‌కి చూపించిందంట. ఆమె మొదట వంకరగా మడిచిన అంచు అది. దాని లోపల ఒక్క మచ్చ లేదు. చిన్నమామ అన్నేళ్ళు పాడు చేసినా అది పాడవలేదు. అత్త నాకు ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం విన్నాను. ఆమె సంతోషంగా మాట్లాడగా వినడం అదే ఆఖరు.

బండి తయారయ్యాక, పెద్దల ముందు తిరగదోడకపోయినా, కనీసం ఒక పూట నువ్వు నడుపుకో వదినా అంటాడని నేననుకున్నాను. అత్త కూడా అనుకుందేమో. శుక్రవారం తలకి పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో కూర్చునుంది. వాకిలి ముందు నుంచి ఒక లారీ పోయింది. దాని మీద తాళ్ళతో కట్టి జీపు ఉంది. సంగం ఊరవతల తోటలున్న ఒక ఆసామికి పాత జీపులంటే ముచ్చటంట. ముందే బేరం కుదిరిందంట. బాగుచేయించి అప్పజెప్పాలన్నది బేరంలో మాట. ఆ సంగతి పందిరి కింద సుత్తి పట్టుకున్న మనిషికి తప్ప అందరికీ తెలుసు.

నేను పోయేసరికి అత్త మామూలుగానే ఉంది. ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కన కూర్చున్నాను. అత్తే మాట్లాడింది.

"పోనీలే పాపా. ఆడ ఉప్పు గాలి ఉండదు. బాగా ఉంటాది."

ఆ మాట ఆమె మంచితనమని పాళెంలో చెప్పుకుంటారు. నేను పక్కనే ఉన్నాను. ఆమె మొహం చూశాను. అది మంచితనం కాదు. ఇంకేమీ మిగలనప్పుడు మనిషి పట్టుకునే ఒక పుల్ల అది. ఆ తరవాత ఆమె బండి ఊసెత్తలేదు. మాటలు తగ్గాయి. నేను పోయినప్పుడు అన్నం పెట్టేది, నా జడ విప్పి దువ్వేది, నా పనెట్టా ఉందని అడిగేది. దిబ్బ మీద రోడ్డు వేస్తారంట అని నేనంటే, "ఏస్తారులే" అనేది. ఇంకా వేయలేదు.

భాయ్‌కి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన కొడుకు స్పీకరు పెట్టాడు. అత్త పోయింది భాయ్ అన్నాను. అటునుంచి షెడ్డు చప్పుళ్ళు వినపడ్డాయి, రేకు మీద సుత్తి. ఆయన కొడుకు మెల్లగా, "నాన్న లేచి బయటికి పోయినాడక్కా" అన్నాడు.

పెద్దకర్మ రోజు పాళెమంతా వచ్చింది. వలల పాకలోనే బంతి వేశారు. మొదటి బంతి మగవాళ్ళది. పాకలో ఆ రోజు కూర్చున్న పెద్దలే ఆకుల ముందు కూర్చున్నారు. కొంచెం ముసలయ్యారు. చిన్నత్త సాంబారు బొక్కెన పట్టుకుని వడ్డిస్తోంది. నేను వెనక మంచినీళ్ళ జగ్గుతో నడుస్తున్నాను.

చిన్నమామ బంతి మధ్యలో కూర్చుని చెప్తున్నాడు. బాధగానే చెప్తున్నాడు, నటన కాదు, అదే నాకు మరీ చేదుగా ఉండింది. "మా వదినలాంటి చెయ్యి ఈ జిల్లాలో లేదు. ఆ తుఫానులో మా వాణ్ణి నాకు దక్కించింది ఆమే. మా బండికి ఆమె మడిచిన మడ్‌గార్డు చూసి ఆ సంగం ఆసామి నోరు తెరిచినాడు. మా బండి అంటే..."

"అది అక్క బండి."

ఎవరన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. చిన్నత్త బొక్కెన పట్టుకుని అలాగే నిలబడింది. "అది అక్క బండి" అని మళ్ళీ అంది. గొంతు పెద్దది చేయలేదు. "ఆ రోజు నన్నడిగింది. నేను చెప్పలా. ఇప్పుడు చెప్తా ఉండా. అది అక్క బండి."

చిన్నమామ ఆకులోకి చూశాడు. ఎవరో దగ్గారు. పెద్దాయన, అప్పుడు తీర్పు చెప్పినాయన, చెయ్యి ఊపి, "సరేలే అమ్మా, పోయినామె పోయింది. ఇటు సాంబారు పొయ్యి" అన్నాడు.

చిన్నత్త ఆయన వైపు చూసింది. బొక్కెన బంతి నడుమ నేల మీద పెట్టింది. గరిటె దాంట్లోనే వదిలేసి, చేతులు తుడుచుకుని, పాక దాటి సముద్రం వైపు నడుచుకుంటూ పోయింది. కొడుకు, ఇప్పుడు తల్లి భుజం దాటి ఎదిగినవాడు, లేచి ఆమె వెనక పోయాడు.

నేను జగ్గు పట్టుకుని ఉన్నచోటే ఉన్నాను. బొక్కెన అందుకోలేదు. మిగతా ఆడవాళ్ళు కూడా అందుకోలేదు. మగవాళ్ళంతా తెల్లటి అన్నం ముందు చేతులు పెట్టుకుని, ఎవరైనా వచ్చి పోస్తారని చూస్తూ కూర్చున్నారు. ఒడ్డు నుంచి గాలి లేచింది. ఆకుల మీద, అన్నం మీద, వాళ్ళ వేళ్ళ మీద సన్నటి ఇసుక మెల్లగా పరుచుకుంటోంది.